లాల్ బీ డేగిసాకు మాటు

హైదరాబాద్‌లో మూతపడ్డ ఒక కార్ఖానా సామాను వేలంలో సర్దార్ ఒక మిగ్ వెల్డింగ్ మిషను కొని నకిరేకల్ తెచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది అతని అత్త లాల్ బీ. హైవే పక్కన గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు చేసుకునే అల్లుడికి, తీగ దానంతటదే గన్నులోంచి బయటికొచ్చే మిషను ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

"పుల్లలు పెట్టి అతుకుతుంటె మంచిగనె నడుస్తున్నది గద. గిదేం పిచ్చి?" అని కూతుర్ని అడిగింది.

"గిది సిల్వర్ గూడ అతుకుతదట, అమ్మా," అంది జాహేదా. అల్యూమినియాన్ని అక్కడ సిల్వర్ అనే అంటారు.

"ఎవరన్నరు?"

"ఆయనే."

"ఇగ అయితె నిజమే," అని లాల్ బీ మళ్లీ నవ్వింది.

లాల్ బీది కట్టంగూర్. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెండ్లయినా మటన్ ఆమె వండాల్సిందే. మిషను వచ్చిన మరుసటి ఏడాది, అంటే తొంభై ఆరులో, లగ్గాలు ముమ్మరంగా ఉన్న ఎండాకాలంలో, ఆమె వంట వండే అల్యూమినియం డేగిసాల్లో అన్నిటికంటే పెద్దది ఆటో ట్రాలీ మీంచి జారి బండరాయి మీద పడింది. అడుగున మూరెడు పగులు. గొర్లకాపరి గుర్వమ్మ మనుమరాలి పెండ్లి దగ్గర్లోనే ఉంది. అంత డేగిసా కిరాయికి కూడా ఎక్కడా దొరకలేదు.

చేసేది లేక లాల్ బీ ఆ డేగిసాను అదే ట్రాలీలో వేయించుకుని అల్లుడి దుకాణం ముందు దిగింది.

"సిల్వర్ అతుకుతనన్నవట గద అల్లుడా. అతుకు."

సర్దార్ ఆ మిషను మీద అప్పటిదాకా ఇనుప తీగ తప్ప మరోటి నడపలేదు. ఆ మాట అత్త ముందు చెప్పడం ఎట్లా?

"ఎంతసేపు అత్తమ్మా, అయితది," అన్నాడు.

దుకాణంలో అతనికి తోడు ఐలేశం. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. ఐలేశం పట్నం పోయి అల్యూమినియం తీగ చుట్ట, ఆర్గాన్ గ్యాసు సిలిండరు తెచ్చాడు. మర్నాడు పొద్దున పని మొదలయ్యే సరికి లాల్ బీ కుర్చీ వేసుకుని, పాన్ నములుతూ ఎదురుగా కూచుని ఉంది.

సర్దార్ గన్ను మీట నొక్కాడు. చిటపటమని రెండు మెరుపులు మెరిసి ఆగిపోయాయి. మిషను మూత తీసి చూస్తే, తీగ ముందుకు పోకుండా దాన్ని తోసే రోలర్ల దగ్గరే మెలికలు పడి పిచ్చుక గూడులా ముద్దయింది.

"రోలర్ జర బిగియ్యి భాయ్, జారుతున్నట్టుంది," అన్నాడు ఐలేశం.

బిగించారు. ఈసారి మెత్తని తీగ నలిగి, తెల్లటి పొడి రాలి, గూడు ఇంకాస్త పెద్దదయింది. కత్తిరించి మళ్లీ ఎక్కిస్తే, తీగ గన్ను మొనలోనే కరిగి అతుక్కుపోయింది.

"అల్లుడా, అతుకుతున్నవా, సేమియా వండుతున్నవా?" అంది లాల్ బీ.

సర్దార్‌కు చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ మాటతోనే అతని బుర్ర కదిలింది. ఇనుప తీగ కర్రలాంటిది, వెనకనుంచి తోస్తే పోతుంది. ఇది నిజంగానే ఉడికిన సేమియా. ఎక్కడ కాస్త రాపిడి తగిలినా వంగిపోతుంది. మిషను నుంచి గన్నుకు పోయే కేబులు లోపలుండేది ఇనుప గొట్టం, అదే తీగను గీరుతోంది.

"ఐలేశం, మిషన్‌తోటి ఓ డబ్బా వచ్చింది చూడు. గుండ్రటి గాడి రోలర్లు, తెల్లటి నున్నటి గొట్టం. గది సిల్వర్‌కే ఇచ్చిండ్రు!"

డబ్బాలో రోలర్లున్నాయి. గొట్టం లేదు. అప్పుడే సద్ది తెచ్చిన జాహేదా ఆ వెతుకులాట చూసి నెమ్మదిగా అంది: "తెల్లటి గొట్టమా? ఉతికిన బట్టలకు తుప్పు అంటకుండ దండెం తీగకు తొడిగిన. ఏడాదిసంది గాడనే ఉన్నది."

లాల్ బీ నవ్వి నవ్వి పాన్ ఉమ్మేసింది. జాహేదా ఇంటికి పోయి, తడిబట్టలు పక్కింటి గోడ మీద వేసి, గొట్టం ఊడదీసి తెచ్చింది. లోపలి దుమ్మంతా ఊది, కొలతకు కోసి, కేబుల్లోకి దించారు. గాడి రోలర్లు మార్చి, బిగువు సడలించి, కేబులు మెలిక లేకుండా చక్కగా పరిచారు. మీట నొక్కితే తీగ సర్రున వచ్చింది.

పగులు మీది మసి, నూనె జిడ్డు గీకి శుభ్రం చేసి సర్దార్ మూడు విడతల్లో అతికాడు. చూడముచ్చటగా వచ్చింది. నీళ్లు పోశారు. మూడు చోట్ల చుక్కలు రాలాయి.

సర్దార్ కింద పడుకుని వేలితో తడిమాడు. ప్రతి విడతా మొదలైన చోటే కారుతోంది. అక్కడ అతుకు ఉబ్బెత్తుగా ఉంది. చివర మాత్రం వెడల్పుగా, పలకతో కలిసిపోయి ఉంది.

"కరెంటు పెంచుదమా?" అన్నాడు ఐలేశం.

"పెంచితె చివర్ల బొక్క పడ్తది. మొదలు పెట్టేటప్పుడు డేగిసా సల్లగున్నది. ఉన్న వేడంత అదే గుంజుకుంటున్నది. లోహం పైపైన కూచున్నది గని లోపల కలుస్తలేదు." అని అత్త వైపు తిరిగాడు. "పెంక కాగకముందు ఏసిన రొట్టె లెక్క, అత్తమ్మా."

"మరి కాగకముందు ఎందుకేసినవ్?"

లాల్ బీ కొంగు బిగించి లేచింది. "డేగిసా కాగబెట్టుడు నాకు ఇడిసిపెట్టు."

కారిన చోట్లు చెక్కేశాక, ఆమె రాళ్ల మీద డేగిసా పెట్టించి కింద సన్నటి మంట వేసింది. చేత్తో నీళ్లు చిలకరించి, చుక్క చుయ్యిమని ఎగిరేదాకా ఆగి, "ఇగ కానియ్యి," అంది. దించీ దించగానే దాన్ని బోర్లించి, సర్దార్ గన్ను మెరుపును మొదలుకు కాస్త ముందు అంటించి, వెనక్కి మొదలు దాకా వచ్చి, మళ్లీ ముందుకు సాగాడు. మొదలు కూడా రెండోసారి కరిగి పలకతో కలిసింది.

చల్లారాక నీళ్లు పోస్తే ఒక్క చుక్క రాలలేదు. లాల్ బీ అడుగంతా తడిమి చూసింది. "ఊ," అని, డేగిసా ట్రాలీ ఎక్కించి, "ఇద్దరు గూడ పెండ్లికి రాండ్రి," అంటూ పోయింది.

పెండ్లినాడు అందరూ మటన్ వాసనకే పందిట్లోకి వస్తుంటే, సర్దార్ పొయ్యి దగ్గర మోకాళ్ల మీద వంగి డేగిసా అడుగు చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్ అల్లుడా?"

"కారుతలేదు, అత్తమ్మా."

"ఎందుకు కారుతది? కాగబెట్టింది నేను గద," అంది లాల్ బీ గరిటె తిప్పుతూ. "లే. పోయి బంతిల కూచో, సల్లారిపోతది."

సర్దార్ మోకాళ్ల మన్ను దులుపుకుని లేచాడు. భోజనాల బంతిలో ఐలేశం అతని కోసం జాగా పట్టి, అప్పుడే రెండో ముక్క కొరుకుతున్నాడు.