పసుపు బొట్టు కింద సన్నరవ్వ

నేను ఒక ఇత్తడి తూటాను. ఇప్పుడు ఖాళీ గొట్టాన్ని. రోజూ పొద్దున్నే నా నోట్లో ఒక అగరువత్తి గుచ్చి దేవుడి ముందు నిలబెడతారు. చూసినవాళ్లు నాది అదృష్టం అనుకుంటారు. నాకు మాత్రం ఆ పీట మీద నిలబడాలంటే తల కొట్టేసినట్టుంటుంది. ఎందుకో చెబుతాను.

ఏ ఊళ్లో కరిగి ఏ అచ్చులో పోతపోసుకున్నానో నాకు గుర్తు లేదు. పదకొండుగురు తోడుతో ఒక అట్టపెట్టెలో గోకవరం చేరాను. కొన్నది నరసరాజుగారు. ఊళ్లో వడ్లమిల్లు ఆయనది. స్నానం, సంధ్య, పూజ అయితే గాని మంచినీళ్లు ముట్టని మనిషి. అప్పట్లో లైసెన్సున్నవాడు అడవికోడిని కొట్టడం తప్పు కాదు. ఉదయం జీవుల్ని కాపాడమని దేవుణ్ణి వేడుకుని, ఆ చేత్తోనే తుపాకి తీసుకునేవారు. మనుషులకు ఇవి రెండూ ఎలా పొసగుతాయో నాకు అంతుపట్టేది కాదు.

మాలాంటి ఇత్తడి తూటాలను పారెయ్యరు. పేలినదాన్ని చింతపండుతో తోమి, మందు కూరి, అట్టబిళ్ల వేసి, సీసపు రవ్వలు పోసి, పైన ఇంకో బిళ్ల పెట్టి మైనంతో మూస్తారు. లోపల ఏముందో బయటికి తెలియదు గనక రాజుగారు గుర్తులు పెట్టుకున్నారు. అడవిపందికి కుంకుమ బొట్టు. లావురవ్వకు పసుపు బొట్టు. సన్నరవ్వకు ఏమీ ఉండదు. పసుపూ కుంకుమా దేవుడి పళ్లెంలోవే.

వేటకు దారి చూపేది జోగిరెడ్డి, కొండరెడ్ల మనిషి. అతని దగ్గర ఒక దీమం ఉండేది. అంటే, అడవికోడి గుడ్డును ఇంటి పెట్ట కింద పొదిగించి పెంచిన పుంజు. పొదల్లో కాలికి తాడు కట్టి వదిలితే అది కూస్తుంది. తన చోట్లో ఇంకో పుంజు కూసిందని అడవిపుంజు పోట్లాటకొస్తుంది. ఆ దీమానికి ఎర్రోడని పేరు. జోగిరెడ్డి భార్య నాలుగేళ్లపాటు చేత్తో చెదలు మేపి పెంచింది. ఆ ఇంట్లో కూర ఉడికిందంటే అది ఎర్రోడి కూత వల్లే.

జోగిరెడ్డిది ఒకటే షరతు. పొదల్లో లావురవ్వే వెయ్యాలి. లావువి తక్కువుంటాయి, పుల్లల్ని తోసుకుని ఒక్క దిక్కుకే పోతాయి. సన్నవి వందలుంటాయి, రెమ్మ తగిలితే చాలు చెదిరిపోతాయి. పక్కనున్న దీమం బతకదు. అడవిపుంజు ఎడంగా నిలబడేదాకా ఆగాలి. రాజుగారు సరేనన్నారు. వేటకు ముందురోజు సాయంత్రం లావురవ్వ పోసి, పసుపు పెట్టి, నన్ను అతనికి చూపించారు కూడా.

ఆ రాత్రే భీమవరం నుంచి బావమరిది దిగాడు. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"బావా, పోయినసారి మీ దెబ్బకి ఆకులు రాలాయి. ఈసారి కొమ్మన్నా విరుగుద్దంటారా?"

అందరూ నవ్వారు. రాజుగారూ నవ్వారు. చెయ్యి కడుక్కుని లోపలికొచ్చి, నా బిళ్ల ఊడదీసి, లావురవ్వ పళ్లెంలో ఒంపేశారు. ఎక్కువ ఉంటే ఏదో ఒకటి సందు చూసుకుని తగలకపోతుందా అనుకున్నారు. సన్నరవ్వ పోసి, మైనం అద్ది, దానిమీద మళ్లీ పసుపు బొట్టే పెట్టారు. లోపల ఏం మారిందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

తెల్లవారాక పరికికంపలో ఎర్రోడు కూశాడు. అడవిపుంజు వచ్చింది. రెండింటికీ మధ్య రెండు బారలు కూడా లేదు. జోగిరెడ్డి ఆగమని చెయ్యెత్తాడు. వెనక బావమరిది గొంతు సవరించుకున్నాడు. రాజుగారు మీట నొక్కారు.

అడవిపుంజు నాలుగు ఈకలు రాల్చి ఎగిరిపోయింది. ఎర్రోడు తాడు చివర పడి ఉన్నాడు.

"ఏ రవ్వండి రాజుగారూ?" అన్నాడు జోగిరెడ్డి.

"లావుదే. పసుపు నువ్వూ చూశావుగా. నీ దీమమే అడ్డం ఎగిరింది."

జోగిరెడ్డి పుంజును ఒళ్లో పెట్టుకుని ఈకల కింద వేళ్లతో తడిమాడు. పరికిముల్లు విరిచి, చర్మం కింద నుంచి మూడు రవ్వలు తీశాడు. ఆవగింజలంత ఉన్నాయి. తుపాకిలోంచి తీసి కింద పడేసిన నన్ను ఏరి, వాటిని నాలో వేసి, రాజుగారి చేతికిచ్చాడు.

"మీ సామానండి."

రెండు జాతిపుంజుల్ని పంపిస్తానన్నారు రాజుగారు.

"అయ్యి అడివికోడిని పిలవలేవండి," అన్నాడతను.

రాజుగారు మళ్లీ వేటకు పోలేదు. తుపాకి పోలీసుస్టేషనులో అప్పగించి, తిరిగి తెచ్చుకోలేదు. నన్ను బీరువాలో దాచారు. దసరాకి ఇల్లు సర్దుతూ ఆయన భార్య వెంకాయమ్మగారు నన్ను చూసి, పైపైన తోమి, అగరువత్తికి బాగుంటుందని పూజగదిలో పెట్టారు. అడుగున ఆ మూడు రవ్వల మధ్య ఇరుక్కుని వత్తి నిటారుగా నిలబడింది. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. రాజుగారు చెప్పలేదు. రోజూ కళ్లు మూసుకుని చదివే మంత్రం నా దగ్గరికొచ్చేసరికి తడబడేది. దేవుడు పసుపును చూస్తాడా, దాని కింద ఉన్నదాన్ని చూస్తాడా? ఆయన ఈ ప్రశ్న పైకి అనలేదు గాని, పెదవుల మీద నేను చూశాను.

ఆరేళ్లకు జోగిరెడ్డి విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో సంతకొచ్చి, దారిలో మంచినీళ్లకు ఆగాడు. వెంకాయమ్మగారు చెంబు అందిస్తూ మురిపెంగా చెప్పారు.

"మీ రాజుగారు వేట మానేసి తూటాని దేవుడికిచ్చేశారు జోగిరెడ్డీ. పుణ్యాత్ములు."

రాజుగారు ఆ మాట విని లేచారు. నన్ను తెచ్చి, అరచేతిలో బోర్లించి, రాలిన మూడు రవ్వల్నీ అతని ముందు పట్టారు.

"పుణ్యం లేదు, పాడూ లేదు. ఆ రోజు పసుపు కింద సన్నరవ్వ పోశాను. నీ పుంజు ఎగరలేదు. అబద్ధమాడాను."

జోగిరెడ్డి నీళ్లు పూర్తిగా తాగాడు.

"తెలుసండి. మూడూ నేనే గదండి తీసింది," అన్నాడు. ఆ రవ్వల్ని తువ్వాలు కొంగున ముడేసుకుని, "మా ఆడది ఇయ్యాల్టికీ ఎర్రోడిదే తప్పనుకుంటందండి," అని మోపెత్తుకున్నాడు.

మర్నాటి నుంచి నాలో వత్తి నిలవడం లేదు, పక్కకు వాలుతోంది. అడుగున నాలుగు బియ్యపుగింజలు వేస్తానన్నారు వెంకాయమ్మగారు. అలాగే ఉండనిమ్మన్నారు రాజుగారు.

నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట ఇన్నాళ్లూ దాచుకున్నాను: నాదేముంది, ఏది పోస్తే అది మోశాను అని. రాజుగారి అరచేతిలో బోర్లపడ్డ రోజు నుంచి ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.