తోడుగా ఎవరొచ్చారు?

రోజూ వందల మందికి వండిపెట్టే మనిషికి ఆస్పత్రికి తోడు రావడానికి ఒక్కరు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటాయన పరిస్థితి మాత్రం అదే. కొన్నాళ్ళుగా ముద్ద మింగితే చాలు, కడుపులో మంట. గొంతులోంచి గొట్టం దింపి ఎండోస్కోపీ చేయాలన్నారు. మత్తు ఇస్తారట, అందుకని ఇంటికి తీసుకెళ్ళే మనిషి ఒకరు వెంట ఉండి తీరాలట. ఆయనకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, క్యాంటీన్ వెనక గదిలో ఒంటి బతుకు. అన్నం తినడానికి వచ్చేవాళ్ళను అడగడానికి ముఖం చెల్లలేదు. చివరికి మొహమాటం చంపుకుని తమ్ముడికి ఫోన్ చేశాడు.

తమ్ముడు లారీ డ్రైవరు. ఏడాదికోసారి కనిపిస్తే గొప్ప. ఫోన్లో కూడా "బాగున్నావా", "బాగున్నా" అనుకోవడంతోనే సరి. అలాంటివాడు మారుమాట లేకుండా, "పొద్దున్నే వచ్చేస్తా అన్నయ్యా" అన్నాడు. వంటాయనకు గొట్టం భయం సగం పట్టుకుంటే, తమ్ముడొస్తున్నాడన్న సంబరం సగం పట్టుకుంది.

ఖాళీ కడుపుతో రమ్మన్నారు కాబట్టి పొద్దున మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కానీ గది నుంచి బయటపడాలంటే వంటింట్లోంచే వెళ్ళాలి. ఆయన బదులు పనిలోకి దిగిన ఆవిడ కూర కలుపుతోంది. నడిచేవాడు నడిచినట్టే గరిటె అందుకుని, అరచేతిలో కాస్త వేసుకుని ఉప్పు చూశాడు. ఉడికిందో లేదోనని ఒక దుంప ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు. "ఇంకాస్త మగ్గనీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. అది తినడం కిందికి వస్తుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఆస్పత్రి బెంచీ మీద అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. తమ్ముడు జుట్టుకు రంగేస్తున్నాడని అప్పుడు తెలిసింది.

"ఎవరికోసంరా ఈ సోకు?"

"టోల్‌గేటు దగ్గర పిల్లలు తాతా అంటున్నారన్నయ్యా!"

ఇద్దరూ గట్టిగా నవ్వారు. తమ్ముడు అన్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఎంత హాయిగా ఉందో! ఇంకా ఆలస్యమైతే బాగుండుననుకున్నాడు వంటాయన.

నర్సు వచ్చి, "ఏమీ తినలేదు కదా?" అంది.

"లేదమ్మా" అని నాలుక కరుచుకున్నాడు. పొద్దున నోట్లో వేసుకున్న దుంప ముక్క గుర్తొచ్చింది. ఆమె వెనకే నాలుగడుగులు వేసి, తమ్ముడికి వినపడకుండా సంగతి చెప్పాడు.

"బాగానే ఉంది! ఇప్పుడు చేస్తే ఆ తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాయంత్రం ఆఖర్న చూస్తాం. తోడొచ్చినాయన్ని ఉండమనండి."

తమ్ముడికి మధ్యాహ్నం లోడుంది. అప్పటికే ఓనరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, ఆ తిట్లు పక్కవాళ్ళకూ వినపడుతున్నాయి. ఉండమంటే ఉంటాడు, పని పోగొట్టుకుంటాడు. అదీ ఒక దుంప ముక్క కోసం!

"ఇవాళ కాదటరా. ఇంకో రోజు రమ్మన్నారు. నువ్వెళ్ళు."

"అయ్యో" అన్నాడు తమ్ముడు. అంటూనే లేచాడు. ఆ తొందర చూసి వంటాయన మనసు చివుక్కుమంది.

సాయంత్రం మళ్ళీ అదే నర్సు. "మీతో వచ్చినాయనేరి?"

"వెళ్ళిపోయాడమ్మా."

"అయితే మత్తివ్వం. గొంతు మొద్దుబారే మందు కొట్టి చేస్తాం. ఓర్చుకోవాలి మరి."

ఓర్చుకున్నాడు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, నల్లటి గొట్టం దింపారు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది. కళ్ళనీళ్ళు చెవిలోకి కారాయి. పట్టుకోవడానికి మంచం కడ్డీ దొరికితే దాన్నే పట్టుకున్నాడు.

"చిన్న పుండు. మందులకు మానిపోతుంది. మళ్ళీ రానక్కర్లేదు" అన్నాడు డాక్టరు. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. చెప్పుకుందామని చుట్టూ చూస్తే, కుర్చీలు తుడిచే ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆమె కూడా ఆయన కూర్చున్న కుర్చీ ఖాళీ అయితే తుడుద్దామని ఎదురుచూస్తోంది.

బస్టాపులో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, పొద్దున అలా వచ్చేశానని ఏమీ అనుకోకు. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు? ఓనరు కాళ్ళావేళ్ళా పడి రెండు రోజులు సెలవు ఒప్పించా. నీ దగ్గరే ఉంటా."

గొంతు ఇంకా మొద్దుబారే ఉంది. అయిపోయిందిరా, భయమేమీ లేదట అని చెప్పాలి. చెబితే వాడు హమ్మయ్య అంటాడు. సెలవు మానుకుంటాడు. ఇక ఏడాది దాకా కనపడడు.

"వినపడుతోందా? ఎప్పుడు?"

"వచ్చే బుధవారం" అన్నాడు వంటాయన.