మూడో జత

"టేపు ఇలా ఇవ్వండి. ఎన్నిసార్లు కొలిచినా ఆ గోడ పెరగదు," అంది కోడలు, పళ్ల మధ్య గుండుసూదులు పట్టుకునే.

మూడు రోజులుగా ఇదే గొడవ. ఆమె కుట్టుమిషను ముందుగదిలో కిటికీ పక్కన ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల కర్టెన్లూ, ఒక బడి పిల్లల యూనిఫారాలూ ఆ వెలుతురులోనే తయారవుతాయి. ఇప్పుడు ఆ గోడకి నడుమెత్తు స్పీకర్లు పెడతానంటాడు భర్త. మిషను వెనక వరండాలోకి జరగాలట.

"నాకోసమా ఇదంతా? అమ్మకోసం. టీవీలో మాటలు అర్థం కావట్లేదు తనకి."

"అత్తయ్య ఎప్పుడన్నారా మాట?"

"అనాలా ఏంటి? టీవీ ఎంత పెద్దగా పెడుతోందో చూడట్లేదూ? మంచి స్పీకర్లయితే గుసగుసలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి."

మిషనుకి ముందు, టీవీకేసి తిరిగి, వాళ్ల వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్న అత్తగారు పేపరు తిరగేసింది తప్ప అవునని గానీ కాదని గానీ అనలేదు. కోడలికి ఆ మౌనం మీదే అనుమానం. తల్లీ కొడుకూ ముందే కూడబలుక్కుని ఉంటారు. ఈవిడ ధోరణే అంత. కొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంటే గలగలా మాట్లాడుతుంది. కోడలు మిషను దగ్గర్నుంచి, "అత్తయ్యా, పాలు పొంగుతున్నాయేమో చూడండి," అంటే ఉలకదు, పలకదు. రెండేళ్లుగా ఎన్ని గిన్నెల పాలు పొయ్యి పాలయ్యాయో కోడలికి లెక్క లేదు గానీ, ఆ మంట మాత్రం కడుపులో అలాగే ఉంది.

ఆదివారం పొద్దున్న తల్లిని తీసుకుని సౌండు మాస్టారింటికి బయల్దేరాడు భర్త. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ఆ మాస్టారికి స్పీకర్ల పిచ్చి. కొత్త జత కొన్నప్పుడల్లా పాత జత అమ్మేస్తాడు.

"నేనూ వస్తాను. నన్ను వరండాలోకి తోసేవాటి మొహం చూడొద్దూ?" అంది కోడలు, ఇల్లు చూసుకోమని కూతురికి చెప్పి.

మాస్టారి గది మేడ మీద ఉంది. తలుపు జానెడు మందం. గోడలనిండా గుంటలు గుంటలుగా స్పాంజి. కోడలు కర్టెను అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. రెండు పొరల లైనింగు, కిటికీకి మూడింతల గుడ్డ.

"ఈ గదిలో అయితే నా మిషను కూడా పాట పాడుతుంది," అంది భర్తతో మెల్లగా.

"కాసేపు ఊరుకుంటావా?"

ఎదుటి గోడకున్న సినిమా తెర కింద స్పీకర్లు కనబడకుండా నల్లగుడ్డ కప్పి ఉంది. అదేమిటని అడిగింది కోడలు. గుడ్డ కింద ఏం దాచాడో అనిపించింది ఆమెకి.

"జనం కళ్లతో వింటారమ్మా. పెద్ద పెట్టె కనబడితే పెద్ద శబ్దం వచ్చిందంటారు," అన్నాడు మాస్టారు.

మొదటి జత అన్నాడు. తెరమీద వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు లోగొంతుకలతో మాట్లాడుకున్నారు. తర్వాత స్విచ్చుల పెట్టె మీద చెయ్యేసి, రెండో జత అన్నాడు. మళ్లీ అదే సీను.

"ఇది వేరండీ. మనిషి పక్కనే నిలబడి మాట్లాడినట్టుంది," అన్నాడు భర్త.

"మీరు మీట తిప్పలేదు," అంది కోడలు.

మాస్టారు నవ్వాడు. "తిప్పలేదు. ఎవరొచ్చినా ముందు ఒకే జత రెండుసార్లు వినిపిస్తాను. చాలామంది రెండోదే బాగుందంటారు. వాళ్లకి ఆరోజు అమ్మను, ఇంటికెళ్లి ఆలోచించుకోమంటాను."

భర్త మొహం కందగడ్డయింది. కోడలికి లోపల సంబరంగానే ఉంది, అనుమానం మాత్రం తీరలేదు. ఒక కిటుకు ఒప్పుకున్నవాడి దగ్గర ఇంకోటి ఉండదని ఏముంది?

"పెద్దమ్మగారూ, మీకెలా అనిపించింది?" అన్నాడు మాస్టారు అత్తగారి ఎదుటికొచ్చి.

"రెండూ బాగున్నాయి నాయనా."

ఆవిడ చూపు అతని పెదాల మీదే ఉంది. మాస్టారు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, మూడో జత అన్నాడు. ఈసారి మీట తిప్పాడు.

బొమ్మ కదిలింది. శబ్దం లేదు. భర్త ఏదో అనబోతే మాస్టారు వేలు ఎత్తి ఆపాడు. ఇదిగో రెండో కిటుకు, అనుకుంది కోడలు. అత్తగారు మాత్రం ముందుకి వంగి చివరిదాకా చూసింది.

"ఇదే అన్నిటికన్నా హాయిగా ఉంది. గోల లేదు," అంది.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు సోఫా వెనక్కి వెళ్లి లైటు వేస్తూ, మామూలు గొంతుతో, "పెద్దమ్మగారూ, మంచినీళ్లు తాగుతారా?" అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

కోడలికి తన మిషను కళ్లముందు మెదిలింది. అక్కణ్నుంచి తనకి ఎప్పుడూ కనబడేది అత్తగారి తల వెనకభాగమే.

ఇంటికొచ్చాక వంటింట్లో అత్తగారి ఎదురుగా నిలబడి, "ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అంది.

ఆవిడ కాసేపు గిన్నెలు సర్దింది. "చెవుడని తెలిస్తే ముందు అరుస్తారు. కొన్నాళ్లకి చెప్పడమే మానేస్తారు. మా అత్తగారికి మేం చేసిందదే," అంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, అత్తగారి ఎదుటి కుర్చీ లాక్కుంది. భర్తా కూతురూ తలెత్తి చూశారు. ఆమె గొంతు పెంచలేదు. అత్తగారికేసి తిరిగి ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"స్పీకర్లు రావట్లేదు. రేపు నేనూ అత్తయ్యా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మిషను ముందుగదిలోనే ఉంటుంది, కాకపోతే అత్తయ్య కుర్చీకి ఎదురుగా జరిపి తిప్పుతున్నాను."

భర్త జేబులోంచి టేపు తీసి ఆమె కంచం పక్కన పెట్టాడు.

"అలా తిప్పితే వెలుతురు నీ వెనకనుంచి పడుతుంది కదమ్మా, కుట్టేదాని మీద నీడ వస్తుంది," అంది కూతురు.

"రానీ," అంది కోడలు.