ఒంటికన్నోడు వచ్చినాడు

బంగారుపాళ్యం దగ్గర ఆదిలక్ష్మమ్మ వాళ్ళ మామిడితోటలో ఒక దిగుడుబావి ఉంది. దాని మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఏటా వానలు పడగానే గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. తిరుపతిలో పరిశోధన చేస్తున్న నందిని ఆ పిట్టల కోసమే బస్సెక్కి వస్తుంది. వల వేసి పట్టి, కాళ్ళకు గుర్తుగా రంగు రింగులు తొడిగి, రెక్క కింద నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసుకుని వదిలేస్తుంది. రోగాలను ఎదుర్కొనే జన్యువులు ఏ పిట్టలో ఎన్ని రకాలున్నాయో ఆ చుక్కలో వెతుకుతుంది.

నిరుడు ఆ పిట్టలకు పక్షులకొచ్చే మశూచి సోకింది. కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో బొబ్బలు. నీలం, ఎరుపు రింగులున్న ఒక మగపిట్టకైతే కన్నే మూసుకుపోయింది. ఆదిలక్ష్మమ్మ దానికి ఒంటికన్నోడని పేరు పెట్టింది.

"వాని పనైపోయె పాపా. వచ్చే ఏడు వాడు రాడు," అంది.

నందిని తిరుపతి పోయి నెత్తురు పరీక్షిస్తే అన్నిటికంటే ఎక్కువ రకాల జన్యువులు వాడిలోనే ఉన్నాయి. ఎన్ని రకాలుంటే అన్ని రోగాలను ఒళ్ళు గుర్తుపడుతుంది, అట్లాంటివే ఎక్కువగా బతుకుతాయని నందిని ఊహ. అది నిజమో కాదో తేల్చాల్సింది మాత్రం మరుసటేడు తిరిగొచ్చే పిట్టలే.

ఈ ఏడు వానలు గట్టిగా పడి బావి పైమెట్ల దాకా నిండింది. ఆ ఉదయం నందిని వచ్చేసరికి చెట్టు నిండా పసుపుపచ్చని తలలు, ఒకటే గోల. ఒక పిట్ట చెరకాకు పీలిక కరుచుకొచ్చి కొమ్మ మీద వాలింది. నీలం, ఎరుపు! రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. ఒక కంటి పక్కన మాత్రం ఈకలు లేని చిన్న మచ్చ.

"పెద్దమ్మా! ఒంటికన్నోడు వచ్చినాడు!"

నందిని ఎగిరింది, గిర్రున తిరిగింది, మళ్ళీ ఎగిరింది. ఈసారి కాలు పాచిపట్టిన మెట్టు మీద పడింది. జారి, దబ్బుమని బావిలో పడిపోయింది.

ఆదిలక్ష్మమ్మ చేతిలో గంప విసిరేసి, కొంగు బిగించి దూకేసింది. తీరా తల పైకెత్తి చూస్తే నందిని చక్కగా ఈదుతూ, నవ్వు ఆపుకోలేక నీళ్ళు మింగుతోంది.

"ఈత వచ్చునని సెప్పి పడకూడదా మే!"

"పడేటప్పుడు యాడ చెప్పేది పెద్దమ్మా!"

ఇద్దరూ మెట్టు పట్టుకుని పగలబడి నవ్వారు. పైనుంచి చెరకాకు పీలిక ఒకటి ఆదిలక్ష్మమ్మ నెత్తిన రాలింది. అదెవరి పనో చూద్దామని తలెత్తిన నందిని అట్లాగే ఉండిపోయింది. గట్టు మీద నుంచైతే ఆకులు అడ్డమొచ్చేవి. ఇక్కడి నుంచి, గూళ్ళకు వేలాడే ప్రతి పిట్ట కాళ్ళూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"తెలుపు, పచ్చ! వానికీ రకాలు ఎక్కువే! అదో, ఆ నలుపు కూడా!"

"ఈ పక్క సూడు. రెండూ పసుపే."

"వాడా? వానిలో రకాలు చానా తక్కువ! వాడెట్ల బతికినాడు?"

"వాడు నీ సదువు సదవలేదులే!"

నందినికి మళ్ళీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. ఒకడు ఎదురు తిరిగినా, కనిపించిన వాళ్ళలో ఎక్కువమంది ఆమె ఊహ వైపే ఉన్నారు.

కేకలు విని ఆదిలక్ష్మమ్మ మొగుడు మునస్వామి తాడుతో పరిగెత్తుకొచ్చాడు.

"తాడెందుకయ్యా! పాపకు సదువు సెప్పే సారుకు ఫోన్ చెయ్, పిట్టల లెక్క సెప్పల్ల!"

మునస్వామి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "దయానంద్ సారూ, మీ పాప బాయిలో పడింది..."

"ఏమిటీ!"

"పడి నవ్వతా ఉండాది సార్. మా ఆడమనిషి కూడా ఆడనే ఉండాది."

"సార్, నీలం ఎరుపు వచ్చినాడు!" నందిని నీళ్ళలోంచి అరిచింది. "ఈడ్నించి అన్ని రింగులూ కనపడతాండాయి!"

అవతల కాగితాలు గబగబా తిప్పిన చప్పుడు వినిపించింది.

"అమ్మా నందినీ," అన్నాడు సారు, గొంతులో సంబరం దాచుకోలేక, "ఇంకాసేపు ఆడనే ఉండు. ఒక్కొక్కటే చెప్పు."

మునస్వామి తాడు పక్కన పడేసి, మెట్టు మీద చతికిలబడి, ఫోను నీళ్ళవైపు చాచి పట్టుకున్నాడు.