మలుపు దాటాక కట్టే గొలుసు

కొన్ని ఇళ్ళలో బయటికి వెళ్ళే బిడ్డను తల్లి "తిన్నావా?" అని అడుగుతుంది. కొన్ని ఇళ్ళలో "ఎప్పుడొస్తావు?" అని అడుగుతుంది. సొంత లారీ తోలుకునే ఒక అబ్బాయి ఇంట్లో తల్లి అడిగే మాట వేరు.

"గొలుసు కట్టావా?"

"కట్టానమ్మా."

"చూసి చెబుతున్నావా, ఊరికే అంటున్నావా?"

"నువ్వే వచ్చి లాగి చూడరాదూ? నా మాటకన్నా నీ చేతుల మీదే నీకు నమ్మకం."

ఆమె నిజంగానే తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేది. వీధిలో నిలబెట్టిన లారీ పక్కకు వెళ్ళి, క్యాబిన్ వెనక భాగాన్నీ కింది ఇనప దూలాన్నీ కలిపి బిగించిన గొలుసును రెండు చేతులా పట్టుకుని లాగి చూసేది. ఎదురింటివాళ్ళకు అదొక వేడుక. "అమ్మగారు పాస్ చేస్తేగానీ బండి కదలదు" అని నవ్వేవారు. కోడలు మాత్రం ఆ నవ్వులో ఎప్పుడూ కలవలేదు.

చదువుతున్న మీకూ నవ్వు రావచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రంగు కూడా పోని కొత్త లారీకి గొలుసు ఎందుకు?

ఆ రకం లారీలో ఇంజను క్యాబిన్ కింద ఉంటుంది. రిపేరు చేయాలంటే క్యాబిన్ మొత్తాన్ని ముందుకు వంచాలి. పని అయ్యాక వెనక్కి దించితే లాకు పడి, క్యాబిన్‌ను కదలకుండా పట్టుకోవాలి. ఆ లాకునే కంపెనీ సరిగా తయారు చేయలేదు. గతుకుల్లో ఊగి ఊగి అది వదులవుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే, లోపలి మనిషితో సహా క్యాబిన్ ముందుకు ఒరిగిపోతుంది. మొదట్లో ఒకరిద్దరు వెళ్ళి కంపెనీ సర్వీసు షెడ్డులో చెప్పారు. "లాకు బాగానే ఉంది, మీకే వేయడం రాలేదు" అని పంపేశారు. ఆ తర్వాత ఓనర్లు అడగడం మానేసి, తలా ఒక గొలుసు కొనుక్కున్నారు.

అక్కడితో ఆగినా కొంత నయం. బయటి సామాను తగిలించారని తెలిస్తే కంపెనీ ఇచ్చిన పూచీ, అదే వారంటీ, పోతుందన్న భయంతో, షెడ్డుకు వెళ్ళే ముందు గొలుసు విప్పి, గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టేవారు. సర్వీసు అయ్యాక, షెడ్డువాళ్ళకు కనపడకుండా రోడ్డు మలుపు దాటి వచ్చి, అక్కడ ఆపి మళ్ళీ కట్టుకునేవారు. ఆ రకం బండి కొత్తగా కొన్నవాడికి పాతవాళ్ళు నేర్పే మొదటి పాఠం అదే. అమ్మేటప్పుడు గొలుసు రాసుకున్న గీతల మీద కాస్త రంగు పూయడం రెండో పాఠం.

ఇలా ఉండగా, పొరుగూళ్ళో ఒక డ్రైవరు క్యాబిన్ ఒరిగి చనిపోయాడని కబురు వచ్చింది. ఓనర్లంతా పంక్చర్ల షాపు పైనున్న సంఘం గదిలో చేరారు. రబ్బరు కాలిన వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది.

"కంపెనీ మీద కేసు వేద్దాం" అన్నాడు లారీ అబ్బాయి. "ఒక లాయరమ్మను అడిగాను. ఒక్కరు వస్తే నిలబడదట. అందరూ కలిసి వస్తే నిలబడుతుందట."

సంఘం ప్రెసిడెంటు పెద్దమనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, అందుకని ఆయన ఏమన్నా సబబుగానే వినిపిస్తుంది. "వేద్దాం నాయనా. వేస్తే రేపు పేపర్లో పడుతుంది, ఈ లారీలు మనుషుల్ని చంపుతాయని. ఎల్లుండి నీ బండి కొనేదెవరు?"

"కొనేవాడి సంగతి తర్వాత. తోలేవాడి సంగతేంటండీ?"

"తోలేవాడికి గొలుసుందిగా."

మూల బల్ల మీద కూర్చున్నాయన పకపకా నవ్వాడు. నోటి ఘాటుకు అందరూ ఆయన్ని మిరపకాయ అంటారు. "కంపెనీవాడికి సన్మానం చెయ్యాలండీ! లారీ వాడు చేశాడు, లాకు మనచేత చేయించాడు. ఇంతకీ మొదటి సంతకం ఎవరిదో తేల్చండి. పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలన్నీ వచ్చాయి గానీ, గంట తెచ్చిన ఎలుక కనపడదే?"

"నువ్వే పెట్టు బాబాయ్ ముందు."

"నేనా? నా బండికి బేరం తగిలిందిరా అబ్బాయ్. అది తెగనీ, ఆనక నా సంతకం చూడు, ఇంత పెద్దది పెడతాను."

గదంతా నవ్వు. ఆ నవ్వులోనే తీర్పూ అయిపోయింది. అమ్ముకోవాలనుకున్నవాళ్ళు ముందు అమ్ముకోవాలి, కేసు సంగతి తర్వాత చూసుకోవాలి. తమ దగ్గర కొన్నవాడు ఏమవుతాడని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు.

ఇంటికి వచ్చి కొడుకు జరిగింది చెబితే, తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"పోనీలే, బతికించారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. అంత పెద్ద కంపెనీతో మనకెందుకురా? వాళ్ళు నిన్నేమైనా చేస్తే?"

"వాళ్ళేం చేస్తారమ్మా?"

"ఏమో. ఏమైనా చెయ్యగలరు. నువ్వు నోరు మూసుకుని గొలుసు కట్టుకో, అది చాలు నాకు."

ఆమెకు అన్నిటికీ భయమే. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కొడుకు దగ్గితే ఆస్పత్రి దాకా వెళ్ళి వచ్చేది ఆమె ఆలోచన. కీడెంచి మేలెంచమన్నారు గదా, ఆమె కీడెంచడంలోనే అలిసిపోయేది. అలాంటి మనిషి ఆ రోజు, భయపడవలసిన చోట ఊపిరి పీల్చుకుంది. ధైర్యం చెప్పవలసిన చోట భయపెట్టింది. కోడలు విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకే సర్వీసు రోజు వచ్చింది. పొద్దున్నే అతడు గొలుసు విప్పుతుంటే తల్లి పక్కనే నిలబడింది.

"మళ్ళీ కట్టుకోవడం మరిచిపోకు."

"మలుపు దాటగానే కడతానమ్మా. ఎన్నిసార్లు కట్టలేదు?"

సర్వీసు అయింది. క్యాబిన్ దించాక లాకు అతడిచేతే వేయించారు. అతడు షెడ్డు దాటి మలుపు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ ఆపే చోట రోడ్డు తవ్వి, పైపులు దింపుతున్నారు. లారీ నిలిపే జాగా లేదు. వెనక నుంచి హారన్లు. సరే, ఆ గతుకులు దాటి ఇంకాస్త ముందుకెళ్ళి కట్టుకుందామనుకున్నాడు. అదేమంత పెద్ద తప్పు? మీరైనా నేనైనా అదే అనుకుంటాం.

ఆ కాస్త దూరంలో ఒక బడి ఉంది. చెయ్యి విడిపించుకున్న పిల్ల ఒకతి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. అతడు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. పిల్లకు గోరంత గాయం కాలేదు. క్యాబిన్ మాత్రం, ఎవరో వెనక నుంచి ఎత్తి కుమ్మరించినట్టు, ముందుకు ఒరిగింది. అతడు అద్దం పగలగొట్టుకుని రోడ్డు మీద పడ్డాడు.

గొలుసు సీటు కిందనే దొరికింది. గుడ్డలో చుట్టినది చుట్టినట్టే ఉంది.

నడుము కింద ఇక కదలిక రాదన్నారు డాక్టర్లు. కంపెనీ మనిషి వచ్చి లారీని నాలుగు వైపులా చూసి వెళ్ళాడు. "డ్రైవరు లాకు సరిగా వేయలేదు. ఈ రకం బండి మీద ఇంతవరకూ మా దగ్గర ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు" అని జవాబు వచ్చింది. అది నిజమే. మొదట్లో చెప్పినవాళ్ళ మాట ఎవరూ రాసుకోలేదు; ఆ తర్వాత షెడ్డుకు వెళ్ళిన ప్రతివాడూ గొలుసు విప్పి వెళ్ళాడు. తాము మోసపోయిన సాక్ష్యాన్ని తమ చేతులతోనే దాచి, మోసం చేసినవాడికి మంచి పేరు రాసిచ్చి వచ్చారు.

లాయరమ్మ ఒకటే మాట చెప్పింది. నలుగురు ఓనర్లు తమ బండ్లను గొలుసులతో తెచ్చి, ఎందుకు కట్టామో చెబితే, కేసు నిలబడుతుంది. ఆ నలుగురు లేకపోతే తప్పంతా ఈ అబ్బాయిదే అవుతుంది.

ఆదివారం సాయంత్రం ఓనర్లు ఇంటికి పరామర్శకు వచ్చారు. గది చిన్నది. మంచం పోను మిగిలిన చోటులో కొందరు కూర్చున్నారు, కొందరు గోడకు ఆనుకున్నారు. తెచ్చిన పళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకాయన చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏం కావాలన్నా మొహమాటపడకు నాయనా" అన్నాడు ప్రెసిడెంటు.

"ఒక్కటే కావాలండి. మీ గొలుసు కావాలి" అన్నాడు మంచం మీది అబ్బాయి. "దాంతో సహా ఒక్కసారి కోర్టుకు రండి."

గోడకు ఆనుకున్నవాళ్ళు గుమ్మం వైపు జరిగారు.

"అదే... ఆలోచించాలి" అన్నాడు ప్రెసిడెంటు. "తెలిసే తోలామంటే మన మీదికే వస్తుంది. డ్రైవర్లను తెలిసీ పంపామంటారు. ఇన్సూరెన్సువాళ్ళు మెలిక పెడతారు."

"నేను మొన్ననే రంగు వేయించాను. ఇప్పుడు చూపిద్దామన్నా గీత లేదు" అన్నాడు పళ్ళు పట్టుకున్నాయన.

"ఏం బాబాయ్, ఇవాళ ఘాటు తగ్గింది?" అన్నాడు అబ్బాయి మిరపకాయ వంక చూసి. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన ముఖం.

అబ్బాయే నవ్వాడు. "అమ్మా, నీకో బెంగ తీరిందిలే. గొలుసు కట్టావా అని ఇక అడగక్కర్లేదు."

తల్లి లోపలికి వెళ్ళి గుడ్డ మూట తెచ్చింది. విప్పి, గొలుసును కొడుకు కదలని కాళ్ళ పక్కన పెట్టింది. ఆమె నలుగురిలో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు.

"అయ్యా, నేను పెద్దగా చదువుకోలేదు. కోర్టంటే నాకు భయం. నోరు మూసుకోమని వీడికి చెప్పింది నేనే. రోజూ ఈ గొలుసు లాగి చూసి, నా బిడ్డకు కాపలా కాస్తున్నాననుకున్నాను. నేను కాపలా కాసింది కంపెనీకి. ఇది మన బండికి కట్టినన్నాళ్ళూ వాళ్ళు నిశ్చింతగా అలాంటి బండ్లే చేస్తూ పోయారు. నా కొడుకు కాళ్ళు మీరు తెచ్చివ్వలేరు. వాడిది తప్పు కాదన్న ఒక్క మాట ఇవ్వగలరు. అదీ ఇవ్వరా?"

"ఆలోచిద్దామమ్మా" అని ప్రెసిడెంటు లేచాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ లేచారు. పళ్ళ సంచి గుమ్మం పక్కన మిగిలింది. మిరపకాయ ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు.

"లాయరమ్మ ఇల్లెక్కడరా?" అన్నాడు నేల చూపులు చూస్తూ. "బేరం పోతే పోయింది. నా బండి తెస్తాను."

"ఒక్కడివైతే సరిపోదు బాబాయ్."

"తెలుసురా."

వెళ్ళినవాళ్ళు వీధిలో నిలిపిన తమ లారీల దగ్గరికి చేరారు. కానీ ఇంజన్లు వెంటనే మోగలేదు. ముందు ఇంకో చప్పుడు వినిపించింది. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. ఒక బండి దగ్గర, తర్వాత దాని వెనక బండి దగ్గర, ఆ తర్వాత దాని వెనక. కోర్టులో తమ బండికి గొలుసే లేదనబోయేవాళ్ళంతా, కదిలే ముందు ఎవరి గొలుసు వాళ్ళు లాగి చూసుకుంటున్నారు.

"విన్నావా అమ్మా?" అన్నాడు కొడుకు.

తల్లి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఊచలు పట్టుకుని, వీధంతా వినపడేట్టు, జీవితంలో మొదటిసారి గొంతెత్తింది.

"కట్టుకోండి నాయనా, గట్టిగా కట్టుకోండి! అందరికీ తెలిసిన ప్రమాదాన్ని అందరూ కలిసి దాస్తే, అది ఎవరినీ వదలదు. ఇవాళ నా ఇంటికి వచ్చింది, రేపు మీ గుమ్మం వెతుక్కుంటుంది!"