నీలం పూత

కృష్ణప్ప మామిడితోట కొట్టేసి అగరు మొక్కలు పెడతానన్నప్పుడు వద్దని చెప్పాల్సింది నేనే. మదనపల్లెలో ముప్పైయేళ్లు బోటనీ పాఠాలు చెప్పినవాణ్ణి, అవి ఏడాదంతా వానలు కురిసే అడవుల చెట్లని నాకు తెలియదా? నా పాత విద్యార్థి ఉబలాటం చూసి ముచ్చటపడి, పుస్తకాలు కూడా నేనే ఇచ్చాను.

పుంగనూరు దగ్గరి ఎర్రనేలలో అతనూ, భార్య రమణమ్మా ఎనిమిదేళ్లు రెండొందల చెట్లను సాకారు. ఏ జబ్బూ లేని అగరు చెట్టులో ఉండేది ఉత్త తెల్లచెక్కే. మానుకు గాయం చేసి బూజు ఎక్కిస్తే, దాన్ని తట్టుకోడానికి చెట్టు నల్లటి బంక ఊరిస్తుంది. ఆ బంక పట్టిన చెక్కకే వాసన, దానికే విలువ. పోయినేడు కృష్ణప్ప ప్రతి మానుకూ బెజ్జాలు వేసి బూజు ఎక్కించాడు. ఆ బెజ్జాలెందుకో రమణమ్మకు చెప్పకముందే, వారం తిరక్కుండా అతనికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

చెట్లను ఎట్లా చూసుకోవాలని రమణమ్మ నాకు ఫోన్ చేసింది. నేనేదో పెళ్లిలో భోజనాల బంతిలో ఉన్నాను. మామిడిని చూసుకున్నట్టే చూసుకోమని చెప్పి పెట్టేశాను.

ఈ వేసవికి బోరు ఎండిపోయింది. చెట్లు కొసల నుంచి మాడిపోతున్నాయి. ఇప్పుడు కొట్టక తప్పదు. నల్లచెక్క దొరికితే భర్తను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలని ఆమె ఆశ.

నిన్న నన్ను పిలిచింది. కృష్ణప్ప మంచాన్నీ తోటలోకి మోయించింది. మొదటి చెట్టు కోస్తే తెల్లగా ఉంది. రెండోదీ అంతే. అయిదోదాని దగ్గర వంగి చూశాను. బెజ్జాలన్నీ నీలంగా పూడి ఉన్నాయి. మైలుతుత్తం, సున్నం. మామిడికొమ్మ కోసినచోట బూజు చేరకుండా మావైపు పూసేది అదే.

ఎవరు పూశారని అడిగాను.

“నేనే సార్. మీరు ఫోన్లో చెప్పిన మర్నాడే పూసినా. ఒక్క బెజ్జం గూడా వదల్లే.”

కృష్ణప్పకు అర్థమైంది. ఆమె వైపు చూడలేదు, నా వైపే చూశాడు. ఆ చూపు ముందు నేను చచ్చిపోయాను. ఎండ దెబ్బకే ఇట్లా అయిందని ఆమెతో అబద్ధం చెప్పాను.

రమణమ్మ కోతమిషను పట్టుకున్నవాణ్ణి పిలిచింది.

“తూరుపు వరస కోసి సూద్దాం సార్. వాటికి రెండుసార్లు పూసినా.”