దక్షిణపు వాలు

బోధన్‌కు ఐదు మైళ్ల దూరంలో, చెరకు తోటల నడుమ ఉన్న సాయన్న ఇంటి దాకా కరెంటు స్తంభాలు రాలేదు. ఊళ్లో మంచి ఇల్లుండగా, పెళ్లయిన ఏడాదికే అతను ఈ పెంకుటింటికి ఎందుకు మారాడో ఎవరికీ అంతుపట్టలేదు. చెరకు కాటా దగ్గర చీటీలు రాసే పని అతనిది. పొద్దున సైకిలెక్కితే మళ్లీ చీకటి పడే వేళకే ఇంటికి చేరేవాడు.

2003లో ఆ ఇంటికి సోలారు లైట్లు పెట్టించుకోవాలని అతనికి బుద్ధి పుట్టింది. నిజామాబాద్ నుంచి వచ్చిన సోలారు మనిషి కప్పు చూసి, దక్షిణపు వాలు మీద పెంకులు తీసి, పుచ్చిన వాసాలు మార్చి, సోలారు పలక నిలిచేటట్టు ఇనుప చట్రం బిగించి ఉంచమన్నాడు. ఆ పనికి సాయన్న పక్క ఊరి వడ్రంగి రాజమల్లును పిలిచాడు.

"నిచ్చెన బయటికెల్లే ఏస్కో. లోపటికి పోయే పనిలేదు. ఇంట్ల ఎవలు లేరు," అని చెప్పి, తలుపుకు తాళం వేసి వెళ్లిపోయాడు.

రాజమల్లు నలభై ఏళ్ల మనిషి, నిదానస్తుడు. పది గంటలకల్లా సగం వాలు పెంకులు తీసి ఒక పక్కన పేర్చాడు. మిగిలిన వాటి కోసం కాలు జరిపాడో లేదో, చెదలు తిన్న వాసం పుటుక్కున విరిగింది. కుడి కాలు తొడ దాకా లోపలికి దిగబడింది. విరిగిన మొన తొడలోకి గుచ్చుకుంది. పైకి లాగితే ఇంకా లోతుకు దిగుతోంది. చుట్టూ చెరకు తప్ప మరేమీ లేదు. రెండుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు.

కాసేపటికి కింద అలికిడైంది. వేలాడుతున్న అతని పాదం కింద ఎవరో ఏదో జరిపారు. గట్టిగా తగిలింది.

"కాలు ఆనించు అన్నా. మంచం మీద పెట్టె పెట్టిన," అంది ఒక ఆడగొంతు.

రాజమల్లు సందులోకి వంగాడు. "ఎవలు నువ్వు?"

"గంగుబాయిని. సాయన్న భార్యను."

"ఉరికి ఎవల్నన్న పిలుసుకరా చెల్లె. నెత్తురు కారుతున్నది."

"ఎట్ల పోవాలె? బయట తాళమేసి ఉన్నది గద," అంది.

తాను చూస్తుండగానే పడిన తాళం అది.

అతనికి నొప్పి తెలియకుండా ఉండాలనో ఏమో, ఆమే మెల్లగా చెప్పుకుపోయింది. ఊళ్లో ఉన్నప్పుడు ఒక లారీ డ్రైవరు మంచినీళ్లడిగితే ఇచ్చింది, అది భర్త కంటపడింది. ఆ నెలలోనే ఇక్కడికి మారారు. బీడీ ఆకు, తంబాకు భర్తే తెచ్చిపడేస్తాడు, చుట్టిన కట్టలు భర్తే పట్టుకుపోతాడు. కిటికీకి రేకు కొట్టాడు. మొదట్లో తప్పించుకుని పుట్టింటికి పోతే అన్న రెండుసార్లు తిరిగి తెచ్చి దింపాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఈ ఎండకాలమొస్తే మూడేండ్లు."

అరవడం దండగని అతనికి తెలిసిపోయింది. చేతికందిన రంపాన్ని సందులోంచి జాగ్రత్తగా కిందికి వదిలాడు. ఆమె మంచం మీద పీట వేసుకుని నిలబడి, అతను చెప్పిన చోట విరిగిన వాసాన్ని కోయసాగింది. ఎన్నడూ రంపం పట్టని చేయి. మాటిమాటికి ఇరుక్కునేది. పొట్టు కళ్లలో పడితే ఆగి తుడుచుకునేది. ఎండ నెత్తికెక్కాక గాని మొన తెగలేదు. అతను కాలు పైకి లాక్కుని, తువ్వాలతో గట్టిగా కట్టుకున్నాడు.

కప్పులో మనిషి పట్టేంత సందు ఏర్పడింది. లోపలికి చూశాడు. గోడ వారగా ఆకు కట్టలు, చాటలో చుట్టిన బీడీలు. ఆమె పీట దిగి, చాట ముందుకు లాక్కుని మళ్లీ కూర్చుంటోంది.

"పెంకులు కప్పెయ్యి అన్నా. గీ సందు సూస్తే ఆయనకు మంచిగుండది," అంది తలెత్తకుండా.

రాజమల్లు పెంకు చేతికి తీసుకున్నాడు. ఇంట్లో భార్య ఉంది, పెళ్లికెదిగిన బిడ్డలున్నారు. ఈ సంగతిలో తలదూర్చితే సాయన్న తన పేరు ఊరంతా చాటుతాడు. కప్పేసి దిగిపోవచ్చు. అడిగేవాళ్లు లేరు. పెంకు అట్లాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పక్కన పెట్టాడు.

"నీకు ఇంకెవలున్నరు చెల్లె?"

"సిరికొండల మా అక్క భూమవ్వ ఉన్నది. రమ్మన్నది గని..."

"చెయ్యియ్యి."

ఆమె కదల్లేదు. "ఆయన నిన్ను ఏమన్న చేస్తడు."

"నా సంగతి నేను సూస్కుంట. మూడింటికి నిజామాబాద్ బస్సున్నది. ఆడ దిగి సిరికొండ బస్సెక్కు. కిరాయి నేనిస్త."

ఆమె లేచింది. బీడీ కంపెనీ ఇచ్చిన పని కార్డు, రెండు చీరలు మూట కట్టింది. మంచం మీద పీట, పీట మీద పెట్టె పెట్టుకుని ఎక్కింది. అతను రెండు చేతులా లాగాడు. వాలు మీద కూర్చోగానే ఎండకు కళ్లు మూసుకుంది. దిగడానికి నిచ్చెన మెట్టు కాలికి దొరక్క ఏడ్చింది.

"నువ్వు నాతోని రాకు అన్నా. నిచ్చెన పట్టుకుంటే సాలు," అంది.

చెరకు మధ్య బాటలో ఆమె నడిచి వెళ్లేదాకా అతను పైనుంచే చూశాడు. పారిపోవాలనిపించింది గాని పోలేదు. తను లేకపోతే సాయన్న ఆ రాత్రే ఆమె వెనక పోతాడు, ఉంటే కోపం ముందు తన మీద తీర్చుకుంటాడు. అందుకని నిచ్చెన దిగి, వాకిట్లో కూర్చుని అతని కోసం ఎదురుచూశాడు.

సాయన్న తాళం తీసి లోపలికి పోయి, వెంటనే బయటికొచ్చాడు.

"యాడున్నది?"

"కప్పుకెల్లి పోయింది. నిచ్చెన నేనే పట్టిన."

సాయన్న అతన్ని కొట్టాడు. కాలు నిలవని మనిషి ఎదురు తిరగలేదు. బాగా చీకటి పడ్డాక రాజమల్లు ఎట్లాగో ఇల్లు చేరుకున్నాడు.

సాయన్న సిరికొండకు రెండుసార్లు పోయి వచ్చాడు. వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ భూమవ్వ గడప ముందు అడ్డం కూర్చున్నారు. మూడోసారి పోలేదు. సోలారు వాళ్లు పలక తెచ్చి, చట్రం లేని కప్పు చూసి తిరిగి తీసుకుపోయారు. రాజమల్లును ఆ చుట్టుపక్కల ఏడాది పాటు ఎవరూ పనికి పిలవలేదు. కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు.

ఆ మరుసటి ఏడు నిజామాబాద్‌లో, కాలు ఈడుస్తున్న వడ్రంగిని చూసి పోల్చుకుని, భూమవ్వ తానెవరో చెప్పి పలకరించింది. గంగుబాయి ఎట్లుందని అడిగాడు.

"మంచిగనే ఉన్నది. గని ఇప్పటికి గడప దాటాల్నంటే నన్ను అడుగుతది అన్నా. పోవాల్నా అక్కా, పోవాల్నా అని. ఎన్నిసార్లు చెప్పినా ఇనది," అంది భూమవ్వ.